నూట పద్నాలుగు

“కొత్త ఫైలు తయారు చెయ్యమంటే నీ పెర్ల్ ప్రోగ్రాము ఎందుకు మొరాయిస్తోందో తెలుసా, రజియా?” రఘుపతి కంప్యూటర్ స్క్రీన్‌ని వేలితో పొడిచాడు. “ఈ 256 వల్ల! పాత మిషన్‌లో ఆ అంకె అంటే ‘ఫైలు తయారు చెయ్యి’ అని. ఈ కొత్త మిషన్‌లో దాని అర్థమే వేరు. అంకెలు మిషన్ మిషన్‌కీ మారతాయి. ‘ఓ-క్రియేట్’ అని పేరు పెట్టి పిలువు, ఎక్కడైనా పలుకుతుంది. నాలుగేళ్లు ఇంజినీరింగు చదివావు, ఈపాటి మర్యాద నేర్పలేదా?”

రజియా 256 కొట్టేసి పేరు రాసింది. ఫైలు తయారైంది.

రఘుపతి విజయగర్వంతో, గల్ఫ్‌లోని ఆ రుసైల్ ఫ్యాక్టరీ ఆఫీసంతా అదిరేలా కేకేశాడు. “నూట పద్నాలుగూ, చాయ్!”

ఎవరూ రాలేదు. మరో రెండు కేకలయ్యాక చాయ్ పెట్టే భూమయ్య గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

“చెవుడా నీకు?”

“మాఫ్ జెయ్యుండ్రి సార్. మొన్నటిదాక పాత కంపెనీల నా నంబర్ ముప్పై ఎనిమిది. ఈడ నూట పద్నాలుగు అంటున్రు. ఇంకా అలవాటు కాలే.”

రజియా స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు.

“మిషన్ మారింది కదా సార్. పేరు పెట్టి పిలవండి.”

పిలవడానికి రఘుపతి నోరు తెరిచాడు. ఆయన దగ్గర ఉన్నది అంకె ఒక్కటే.