ఖాళీ చెయ్యి

“‘తిన్నవా బిడ్డా?’ అంటున్నడు మా భూపాల్,” ఫోనులో వచ్చింది వచ్చినట్టే చదివేసి నాలుక కరుచుకున్నాడు ఆకాశ్.

గోడ పక్కన బీడీలు చుడుతున్న నిరోష చేతిలో దారం ఆగిపోయింది. తమ్ముడి వంక కొరకొరా చూసింది.

“అంటే... గుహలకు పొయ్యే ముంగట అందరు తినాలె. ఆట రూలు,” సర్దుకున్నాడు ఆకాశ్.

“తిన్న. పప్పుచారు. గా ముసలాయనను గూడ తినుమను,” అంది సంజన, పాచికలు గలగలలాడిస్తూ.

నిరోష ఊపిరి పీల్చుకుంది.

ఎల్లారెడ్డిలో వాళ్ల ఇంటి అరుగు మీద ఆ శుక్రవారం సాయంత్రం కొత్త ఆట మొదలైంది. కామారెడ్డిలో డిగ్రీ చదివే ఆకాశ్ కాలేజీలో ఆడే ఆటను మేనకోడలికి నేర్పుతున్నాడు. ఎవరి మనిషిని వాళ్లు తయారు చేసుకోవాలి. ఆ మనిషి ఏం చేస్తాడో నోటితో చెప్పాలి. జరిగిందా లేదా పాచిక తేలుస్తుంది. ఆకాశ్ హాస్టల్ దోస్తు భూపాల్ ఫోనులో మెసేజీలు పెడుతూ ఆడతాడట. అతని మనిషి పెద్ద డాలు మోసే ముసలాయన.

సంజనకు చెప్పింది అంతే. మెసేజీలు పెట్టేది భూపాల్ కాదు, మస్కట్‌లో ఉన్న బాలరాజు. నిరోష భర్త, సంజన బాపు. అక్కడ శుక్రవారమే సెలవు.

మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బస్టాండులో బాపు చెయ్యి వదల్లేదు సంజన. “బిస్కెట్ పుడ తెస్త” అని చెప్పి, చెయ్యి విడిపించుకుని బాలరాజు బస్సెక్కాడు. ఇప్పుడామె రెండో తరగతి. ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా బాపుతో ఫోనులో మాట్లాడలేదు. వీడియోలో చూపిస్తే కళ్లు మూసుకుంటుంది.

“బాపుగ మాట్లాడకపాయె, ముసలోనిగనన్న మాట్లాడనీ అక్కా,” అన్నాడు ఆకాశ్. నిరోష ఒప్పుకుంది. కానీ భయం పోలేదు. ఇది కూడా అబద్ధమేనని తెలిస్తే పిల్ల ఇక తన మాట నమ్ముతుందా?

“నా పిల్లకు కత్తి గావాలె. మంత్రం గూడ గావాలె,” అంది సంజన, ఆటలో తన మనిషిని తయారు చేసుకుంటూ.

“రెండు గావాల్నంటే రెండు సగం సగమే వస్తయ్. ఇటు పూర పైల్వాన్ గాదు, అటు పూర మంత్రగత్తె గాదు.”

“కానియ్యి.”

“గట్లయితే డాలన్న పట్టుకో. లేకుంటే మొదటి దెబ్బకే ఖతమైతవ్ పోరీ!”

“వద్దు. మంత్రం ఎయ్యాల్నంటే వేళ్లు తిప్పాలె, ఒక చెయ్యి ఖాళీ ఉండాలె అన్నవ్ గద మామా?”

అది ఆకాశ్ చెప్పిన రూలే. సంజన కాగితం మీద బొమ్మ గీసింది. రెండు జడల పిల్ల, కుడిచేతిలో కత్తి, ఎడమ చెయ్యి ఖాళీ. పక్కన ముసలాయనను కూడా తనే గీసింది.

“ఈయిన ఎప్పటికి నా ఎడమ దిక్కే నడవాలె,” అని షరతు పెట్టింది.

లోపలి నుంచి నాయనమ్మ ఎంకవ్వ కేకేసింది. “మంత్రాలు మంత్రాలని ఒర్రకుండ్రి! వాడకట్టోళ్లు వింటె పొల్లకు చేతబడి నేర్పుతున్నరంటరు!”

ఫోను మోగింది. “‘ఫికర్ చెయ్యకు బిడ్డా, డాలు నేను మోస్త,’” చదివాడు ఆకాశ్. సంజన తల వంచుకుని బొమ్మకు రంగు వేస్తోంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆటే. గుహలో రాక్షసులు వచ్చారు. సంజన పిల్లకు భుజాన తగిలింది, కాలికి తగిలింది. కత్తి ఒక్కటే తిప్పింది. మంత్రం మాత్రం వెయ్యలేదు.

“ఎయ్యే! ఇప్పుడన్న ఎయ్యి!” అనేవాడు ఆకాశ్.

“నా ఇష్టం.”

“మరి గా చెయ్యి ఎందుకే, ఈగల గొట్టెతందుకా?”

నిరోష కూడా ఉండబట్టలేక, “డాలు తీస్కోరాదె, దెబ్బలు తాకుతున్నయ్ గద,” అనేది, నిజంగా తన పిల్లకే తగులుతున్నట్టు.

ఇంతలో బాలరాజుకు సెలవు దొరికింది. “నన్ను జూసి దాసుకుంటే నేనేం జెయ్యాలె నిరోషా?” అన్నాడు ఫోనులో. “నువ్వు రాకముందే పిల్లకు అంత చెప్త,” అంది నిరోష.

చివరి శుక్రవారం పెద్ద రాక్షసుడు చచ్చాడు, కత్తితోనే. “ఒక్క మంత్రం గూడ ఎయ్యలే. దండుగ చెయ్యి!” అంటూ ఆకాశ్ పాచికలు డబ్బాలో వేసుకున్నాడు.

బాలరాజు వచ్చే రోజు కామారెడ్డి స్టేషన్‌లో సంజన తల్లి కొంగు వెనక నిలబడింది. సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలు కూత వినబడింది. ఆయన దిగకముందే పిల్లకు నిజం చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిరోష ఆట దగ్గర మొదలుపెట్టింది.

“సంజీ, గా ఆటల నీ పిల్ల ఒక్కపారన్న మంత్రం ఎయ్యలేదు. గా ఎడమ చెయ్యి ఉత్తగనే ఎందుకు ఉంచినవే?”

రైలు ఆగింది. సంజన కొంగు వదిలి ముందుకు వచ్చి, ఒక్కో తలుపూ వెతుకుతూ అంది.

“ఉత్తగ యాడుందమ్మా? మొదటి దినం సంది బాపు చెయ్యి పట్టుకునే ఉండె.”