మండపం సందులోని డబ్బా

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని, నిదానంగా రాస్తాను.

సూర్యాపేట పార్కు ఊడ్చే జానమ్మకు చీకటి పడ్డాక, నిజాం కాలపు మండపం రాళ్ల సందులో ఒక డబ్బా దొరికింది. లోపల చిన్న పుస్తకం, అందులో పేర్లు. టార్చి వెలుగులో కూడబలుక్కుని చదివింది. మూడో పేరు జీవన్, తన కొడుకుదే. వాడు మూడు రోజులుగా జ్వరంతో దవాఖానాలో ఉన్నాడు. ఎవరో పేరు రాసి బాణామతి, అదే చేతబడి, చేశారనుకుని అగ్గిపుల్ల గీసింది. కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

“కాలవెట్టకు అత్తమ్మా!” జీవన్‌తో చదివే సౌందర్య పరుగెత్తుకొచ్చింది. “గిది ఆట. ఫోన్ల దారి సూసుకుంట డబ్బా ఎతకాలె, దొరికితే పేరు రాయాలె. నీ కొడుకు పోయిన నెల రాసిండు. జీవన్‌కు జ్వరం దిగింది, గది చెప్పనీకే వచ్చిన.”

జానమ్మ కూలబడి ఏడ్చింది, నవ్వింది. “మీ ఆట పాడుగాను, నా పాణం తీసిన్రు గదనే!”

అప్పుడు కింద నాలుగో పేరు కనిపించింది. మొగుడి పేరు నోటితో అనకూడదు కనుక వేలు పెట్టి చూపింది. “గీ పేరు సదువు బిడ్డా.”

“గౌరయ్య. ఎవరత్తమ్మా? ఆడేది మేం ముగ్గురమే.”

ఆయన పోయి ఆరేళ్లు. జానమ్మ వేలికి తడి సిరా అంటింది. ఆ వేలిని మెల్లగా కళ్లకద్దుకుంది.

ఈదమ్మ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది నడిగూడెం.