చార్జర్ దీదీ

“మూడేళ్లుగా నువ్వే చార్జివా? ఏదీ, ఒకసారి నా ఫోన్‌లోకి ఎక్కు చూద్దాం!”

సత్యప్రసాద్ కాగితం పైకెత్తి అన్న ఆ మాటకి టాటానగర్ పక్క జుగ్సలాయిలోని ఆ లారీ ఆఫీసంతా గొల్లుమంది. అది రమాదేవి కలకత్తా హెడ్డాఫీసుకి రాసుకున్న అర్జీ. మేనేజరు చేతి మీదుగానే పోవాలి. మేనేజరు సత్యప్రసాద్‌కి రూర్కెలా బ్రాంచికి బదిలీ అయింది. ఇక్కడ మూడేళ్లుగా పనంతా ఈడ్చుకొస్తున్నది రమాదేవే కాబట్టి ఆ కుర్చీ తనకిప్పించమని అడిగింది. ‘అయామ్ ఇన్ చార్జ్’ అని రాయాల్సిన చోట ‘ఇన్’ మింగేసి, ‘అయామ్ చార్జ్’ అని రాసింది. అంతే ఆమె చేసిన నేరం.

“సిన్న తప్పే కద సార్. దిద్దీసి పంపించండి.”

“చిన్న తప్పా? చార్జ్ అనే మాట పుట్టుక తెలుసా నీకు?” సత్యప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడమంటే ఆయనకి మహా సరదా. “వెనకటికి లాటిన్ వాళ్లు బండికి సరుకెక్కించడాన్ని అలా అనేవాళ్లు. అదీ మూలం! అక్కణ్ణుంచి ఎన్ని అర్థాలొచ్చాయో చూడు. తుపాకీలో మందు కూరినా చార్జే. కొలిమిలో ఇనుము వేసినా చార్జే. మనిషి మీద నేరం మోపినా, ఎద్దు కొమ్ములు దించి మీదికొచ్చినా చార్జే. అక్షరం తేడా వస్తే అర్థం తలకిందులవుతుంది. అక్షరం విలువ తెలియని దానికి ఆఫీసు అప్పజెప్తానా?”

అర్జీ నాలుగు ముక్కలై చెత్తబుట్టలో పడింది.

“మరెవరికిత్తారు సార్?”

“మా కిషోర్‌కి. రూర్కెలాలో దిగగానే వాడి పేరు రాసి పంపిస్తా.”

కిషోర్ ఆయన బావమరిది. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఏ లారీ ఎటు పోతుందో ఇప్పటికీ తెలీదు. “టెన్షన్ మత్ లో, చార్జర్ దీదీ! కంగారు పడకక్కా!” అని పళ్లికిలించాడు. ఆఫీసు మళ్లీ గొల్లుమంది. రమాదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ నవ్వుకి బదులు తీర్చకపోతే నా పేరు రమాదేవే కాదనుకుంది. కానీ ఏం చేస్తుంది? వెళ్లిపోయే మేనేజరు ఎవరి పేరు రాసి పంపితే వాళ్లకే చార్జ్, వాట్సాప్‌లో రాసినా సరే అని హెడ్డాఫీసు తేల్చి చెప్పేసింది.

సత్యప్రసాద్ పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు. “నా గది ఎవరూ ముట్టుకోకండి. కుర్చీ, పుస్తకాలు, పేరు బోర్డు అన్నీ ఇక్కడే ఉంటాయి. వారం వారం వస్తూనే ఉంటా,” అని ఆటో ఎక్కి టాటానగర్ స్టేషన్‌కి వెళ్లిపోయాడు. కిషోర్ బావగారిని రైలెక్కించి అటునుంచటే బిష్టుపూర్ బజారులో తిరగడానికి పోయాడు.

గంట తరవాత రమాదేవి ఫోన్ టింగుమంది. సత్యప్రసాద్ దగ్గర్నుంచి మెసేజి.

‘రమాదేవీ, చార్జ్ నువ్వు తీసుకో. నీ దగ్గరే ఉంచు. కిషోర్ చేతికివ్వకు, వాడు పాడు చేసేస్తాడు.’

రమాదేవి రెండుసార్లు చదివింది. వెంటనే ఫోన్ చేసింది. స్విచాఫ్. లేచి మేనేజరు గదిలోకి తొంగి చూసింది. గోడ ప్లగ్గుకి ఆయన నల్ల చార్జర్ వేలాడుతోంది. ఫోన్ ఆరిపోయే హడావుడిలో మహానుభావుడు చివరి అక్షరం ఎగరగొట్టేశాడు.

దిద్దడానికి ఆమెకి మనసొప్పలేదు. మెసేజిని ఉన్నదున్నట్టుగా హెడ్డాఫీసుకి పంపింది. కింద ‘సార్ ఆర్డరు ప్రకారం చార్జ్ తీసుకున్నాను’ అని ఇంగ్లీషులో రాసి, ఒక్కో అక్షరం మూడేసిసార్లు సరిచూసుకుంది. పావుగంటలో కలకత్తా నుంచి జవాబొచ్చింది. ‘అప్రూవ్డ్. కంగ్రాట్స్, మేడమ్.’ కాపీ సత్యప్రసాద్‌కి కూడా పోయింది. రమాదేవికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. చెంగుతో తుడుచుకుని, సరుకులెత్తే ముసలయ్యని కేకేసింది.

“మావా, ఒకపాలి ఇటురా.”

చెవిలో ఏదో చెప్పింది. ముసలయ్య ముందు నోరు వెళ్లబెట్టాడు. తరవాత నవ్వుతూ తువ్వాలు నడుముకి బిగించాడు.

రైలు చక్రధర్‌పూర్ స్టేషన్ దాటాక ఎవరి చార్జరో అడుక్కున్నట్టున్నాడు, సత్యప్రసాద్ ఫోన్ చేశాడు. గొంతు రైలు కూతని మించిపోయింది.

“నేను తీసుకోమన్నది చార్జర్! ఫోన్ చార్జర్!”

“మరి చార్జ్ అనే కద సార్ రాసినారు? సివరి అచ్చరం మింగీసినారు.”

“తొందరలో ఒక్క అక్షరం పోయింది. చిన్న తప్పు! నేను చెప్తే పరువు పోతుంది, నువ్వే దిద్ది హెడ్డాఫీసుకి పంపించు.”

“సిన్న తప్పేటి సార్? అచ్చరం తేడా వత్తే అర్దం తలకిందులైపోద్దని పొద్దున్న మీరే కదా సెప్పినారు.”



“సోమవారం వస్తున్నా. నా గదిలో, నా కుర్చీలో కూర్చుని నీ సంగతి తేలుస్తా!”

“అంత దూరం మీకెందుకు సార్ శ్రమ? చార్జ్ అన్న మాటకి మీరు సెప్పిన మూలం గేపకం ఎట్టుకున్నాను. మీ కుర్చీ, పుస్తకాలు, పేరు బోర్డు, ఆ చార్జర్‌తో సహా రూర్కెలా బండికి ఎక్కించీసినాను.”