స్పేస్‌బార్ స్ప్రింగు

"ఇరవై వేలిస్త అక్కా. ఇప్పుడే ఇస్త," అన్నాడు పాత కీబోర్డులు కొని అమ్మే నందు.

నయాపూల్ కోర్టు ఎదుట పిటిషన్లు టైపు చేసే సుగుణ, బరువైన తన పాత కీబోర్డు మీంచి చేతులు తీయలేదు.

"గీ ముసలి డబ్బాకు ఇరవై వేలా? ఎందుకు తమ్మీ?"

"గిసొంటివి ఇప్పుడు చేస్తలేరక్కా. దొరుకుడే కష్టం. షౌకున్నోళ్లు ఎంతైనా పెడ్తరు."

సుగుణ అలసటగా తల అడ్డంగా ఊపింది. "నాకు షుగరు. వేళ్లు మొద్దుబారినయి. కొత్తవాటి మీద మీట పడ్డదో లేదో తెలుస్తలేదు. ఇదైతే టక్కుమంటది. చెవులతోని కొడుతున్న."

స్పేస్‌బార్ నొక్కి చూపించింది. లోపలికి పోయిన మీట పైకి రాలేదు.

"స్ప్రింగు పోయింది. ప్రతిసారి గోటితోని లేపుతున్న. నెల సంది పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగిన. ఎవడో గిసొంటివన్నీ కొని ఎత్తుకపోయిండట. వాని ఇల్లు పాడుగాను."

నందు తన సంచి ముందుకు లాక్కున్నాడు.

"ఎత్తుకపోయింది నేనే అక్కా," అన్నాడు.

పొద్దున బహదూర్‌పురాలో కొన్న అలాంటి కీబోర్డునే సంచిలోంచి తీశాడు. దాని స్ప్రింగు ఊడదీసి, సుగుణ కీబోర్డులో అమర్చాడు.

"మరి నీది ఖరాబైతది గద?"

"కానియ్ అక్కా. నువ్వు కొట్టు."

ఆగిపోయిన పిటిషన్‌ను ఆమె మళ్లీ మొదలుపెట్టింది. రెండేళ్లలో నందు అరవై కీబోర్డులు కొని అమ్మాడు. ఒకదాని మీద ఎవరైనా పని చేస్తుంటే వినడం అతనికి అదే మొదటిసారి.