ఫెర్లాండ్ తాత నోరు

పరీక్షలో వచ్చే రోగిని ముందుగానే దొంగిలించాలని జోలీన్ నిశ్చయించుకుంది.

రోగి అంటే నిజమైన మనిషి కాదు. కెనడాలోని సడ్‌బరీ నర్సింగ్ కాలేజీలో వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే కళ్లముందు ఓ వార్డు లేస్తుంది. అందులో గుండెనొప్పితో పడుకున్న ముసలాయన పేరు ఫెర్లాండ్. ఇప్పటికే రెండు పరీక్షల్లో జోలీన్ ఆయన్ని నిక్షేపంగా చంపేసింది. మూడోసారి చంపితే కోర్సులోంచి ఇంటికే.

పరీక్షకు ముందు హెడ్‌సెట్ ముట్టుకోకూడదని రూలు. తన కంప్యూటర్ నుంచి ఆ పరీక్ష నడిపే బోడ్రీ మేడమ్ మాత్రం హెడ్‌సెట్ల బీరువా తాళంచెవి తన కాఫీ కప్పులో పడేసి మరిచిపోతుంది. ఆ సాయంత్రం హెడ్‌సెట్ జోలీన్ కోటు చాటున మంచులో ఇల్లు చేరింది.

"ఏయ్ పిల్లా! ఆ మాత్ర ఎవరికి?" హెడ్‌సెట్ పెట్టుకోగానే గద్దించాడు ఫెర్లాండ్.

"నీకే, తాతా."

"నేనెవర్నో నీకెలా తెలుసు? పేరడిగావా? పుట్టినతేదీ అడిగావా? పక్కమంచం వాడి మందు నా నోట్లో వేస్తావా?"

జోలీన్ బిత్తరపోయింది. పరీక్షల్లో అడిగినదానికి జవాబు, ఓ మూలుగు తప్ప ఈయన నోట మాటే రాలేదు. పరీక్ష కానప్పుడు మాటలు ఎక్కువ పెట్టారు కాబోలు అనుకుంది.

వారమంతా తాత చెడామడా తిట్టాడు. చేతులు కడుక్కోకపోతే తిట్టు, తొందరపడితే తిట్టు. ఓరోజు ఒళ్లుమండి, "చస్తే చావు!" అంది.

"నేను పోతే నీ కోర్సూ పోతుంది. రా, మళ్లీ మొదలుపెట్టు," అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్నే హెడ్‌సెట్‌ని గుట్టుగా బీరువాలో పెట్టేసింది. తాళంచెవి ఇంకా జేబులోనే ఉంది. బోడ్రీ మేడమ్‌కి గొంతు పట్టేసింది. దగ్గుబిళ్ల చప్పరిస్తూ, కానిమ్మని సైగ చేసింది.

ఫెర్లాండ్ బుద్ధిగా మూలుగుతున్నాడు. జోలీన్ చేతులు కడుక్కుంది, పేరడిగింది, పుట్టినతేదీ అడిగింది, ఆ తర్వాతే మాత్ర ఇచ్చింది. ముసలాయన బతికాడు. జోలీన్‌కి సంతోషంతో ఏడుపొచ్చేసింది.

దొరక్కుండా గట్టెక్కానని మురిసిపోతూ గుమ్మం దాకా వెళ్లింది. బయట, వచ్చేవారం పరీక్ష ఉన్న ఓవెన్ లోపల మేడమ్ బల్లమీదున్న కాఫీ కప్పు వంకే దొంగచూపులు చూస్తున్నాడు.

వెనకనుంచి మేడమ్ బొంగురుగొంతుతో పిలిచింది.

"ఏయ్ పిల్లా! తాళంచెవి కప్పులో వేసి పో. ఇవాళ దొంగతనం వంతు ఓవెన్‌ది, వాణ్ణి తిట్టడానికి ఫెర్లాండ్ తాతకి గొంతు మిగలనిచ్చావా నువ్వు!"