ప్లైవుడ్ గోడ అవతల నవ్వులు

గోడ అవతల నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి.

కృపాకుమారి చెప్పు తీసి ప్లైవుడ్ గోడను టపటపా బాదింది.

"బాషా గారూ! సౌండు తగ్గించండి!"

టీవీలో ఇంగ్లండు జనం ఇంకా గట్టిగా నవ్వారు.

"ప్రభువా, వీడి టీవీ పేలిపోవాలి," అని మొక్కుకుంది.

ఆమెది నరసాపురం. గల్ఫ్‌లో, ముసఫ్ఫా అనేచోట ఓ క్లినిక్‌లో నర్సు. లండన్‌లో ఉద్యోగం సిద్ధంగా ఉంది, ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కితే చాలు. చదవడం, రాయడం, మాట్లాడడం పాసయింది. వినడంలోనే రెండుసార్లు తన్నేసింది. ఆ దొరలు సగం మాట మింగేస్తారు, సగం ముక్కుతో అంటారు. మూడోసారీ తప్పితే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఏజెన్సీవాళ్ళు చెప్పేశారు.

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఆమె ఉండే విల్లాను చెక్కలు కొట్టి తొమ్మిది గదులు చేశారు. వంటిల్లు అందరికీ ఒకటే. ఎవరి డ్యూటీ వాళ్ళది, పక్క గది మనిషి సంగతి ఎవరికీ పట్టదు. అందుకే వారం కిందట వంటింట్లో ఫ్రిజ్ మీద కాగితం అంటించింది.

'రోజూ ఏడు నుంచి ఎనిమిది దాకా నాకు లిజనింగ్ ప్రాక్టీసు. ఇంగ్లండువాళ్ళ యాస అంతుబట్టక రెండుసార్లు ఫెయిలయ్యాను. ఇదే చివరి అవకాశం. దయచేసి సహకరించండి. కృపాకుమారి, నాలుగో గది.'

మర్నాడు సరిగ్గా ఏడింటికి అయిదో గదిలో టీవీ దద్దరిల్లింది. సరిగ్గా ఎనిమిదికి ఆగింది.

"చదివి మరీ చేస్తున్నాడమ్మా, ఎంత కుళ్ళు!"

అయిదో గది హయాత్ బాషాది. అరవై దాటిన మనిషి. వెనకనుంచి నమస్తే అంటే తల తిప్పడు, తలుపు కొడితే తీయడు. అంత పొగరు మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

ఊరుకుంటుందా? పొయ్యి మీద ఉడుకుతున్న అతని పప్పులో మూడు గరిటెల ఉప్పు పోసింది. అతను కిక్కురుమనకుండా తిని గిన్నె కడుక్కున్నాడు. ఇంకోరోజు అతని గది ఫ్యూజు పీకేసింది. పది నిమిషాల్లో పెట్టుకుని టీవీ మళ్ళీ వేశాడు. ఆ పది నిమిషాలకూ బదులు ఎనిమిది దాటి ఇంకో పది నిమిషాలు వేశాడు. ఆ రాక్షసుణ్ణి ఏమనాలి?

మొదటి వారాలు పాతకాలం కామెడీలు, ముసలి దొరలు నిదానంగా విడమరిచి పోట్లాడుకునేవి. తర్వాత పెద్ద బంగళాల్లో దొరసానుల ఏడుపులు. ఆ తర్వాత హత్యలు, డిటెక్టివులు. చివరికి స్కాట్లాండు పోలీసులవి. చెవుల్లో దూది కుక్కుకున్నా ఆగేవి కావు. ఓరోజు క్లినిక్‌లో కట్టు కడుతూ ఓ కామెడీ ముసలాయన తిట్టు అచ్చం ఆయనలాగే తిట్టి నాలిక కరుచుకుంది.

పరీక్ష పది రోజులుందనగా ఇక ఓపిక చచ్చింది. ఫోన్‌లో ఆ గోల రికార్డు చేసి, విల్లా అద్దెకిచ్చే తారిఖ్‌కు పంపింది. తారిఖ్ దుబాయ్‌లో ఉంటాడు, అద్దె తప్ప మనుషుల ముఖాలు ఎరగడు.

"కొంచెం సర్దుకుపోండి సిస్టర్."

"సర్దుకుపోను. శుక్రవారానికి అతను ఖాళీ చెయ్యకపోతే, అనుమతి లేని ఈ చెక్కగోడల సంగతి మునిసిపాలిటీకి చెప్తా."

"అరె, మునిసిపాలిటీ ఎందుకు! ఖలాస్, మెసేజ్ పెట్టేస్తా. వెళ్ళిపోతాడు."

శుక్రవారం హయాత్ బాషా పెట్టెతో బయటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆమెను చూసి నవ్వాడు. తన చెవి చూపించి, బొటనవేలు పైకెత్తి, ఎలా ఉందన్నట్టు తల ఎగరేశాడు.

"పోతూ పోతూ వెక్కిరిస్తున్నావా? తిక్క కుదిరిందిలే నీకు!" అని మొహం మీదే తలుపేసింది.

ఆ పూట చికెన్ వండుకుని కడుపారా తింది. ఎంత హాయిగా ఉందో!

పరీక్షలో హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఓ ముసలి దొర మోకాలి నొప్పి గురించి సణగడం మొదలెట్టాడు. కృపాకుమారికి ఫక్కున నవ్వొచ్చింది. అచ్చం గోడవతలి ముసలాయనే! తర్వాత స్కాట్లాండు నర్సు గడగడా మాట్లాడింది. ఒక్క ముక్కా జారిపోలేదు.

లిజనింగ్‌లో ఎ గ్రేడు.

ఫలితం వచ్చిన రోజే ఓ మనిషి సంచి పట్టుకుని తలుపు కొట్టాడు.

"నాలుగో గది సిస్టర్ మీరేనా? నా పేరు సనావుల్లా. బాషా భాయ్‌తో జనరేటర్ వర్క్‌షాపులో పని. ఇది మీకిమ్మన్యాడు."

సంచి నిండా డీవీడీలు. వర్క్‌షాపుకి ముందు అల్ ఐన్ అనే ఊళ్ళో ఓ ఇంగ్లండు కుటుంబం దగ్గర బాషా వంట చేసేవాడట, వాళ్ళు వెళ్ళిపోతూ ఇచ్చినవట. ఒక్కోదాని మీదా తెలుగులో అంకె వేసి రాసుంది. 'ఒకటి, నిదానంగా మాట్లాడేవి.' 'రెండు, కొంచెం వేగం.' 'ఏడు, స్కాట్లాండు, బాగా కష్టం, చివర్న వెయ్యాలి.' అడుగున మడతపెట్టి ఆమె కాగితమే ఉంది, ఫ్రిజ్ మీదిది.

కృపాకుమారి ఆ కాగితం విప్పి తన రాతే మళ్ళీ చదువుకుంది.

"ఆయన... ఆయనెక్కడున్నారు?"

"నెల్లూరికి పోయినాడు సిస్టర్. ఈ వయసులో కొత్త రూము యాడ ఎతుక్కుంటాలే అని వీసా క్యాన్సిల్ చేయించుకున్యాడు."

"నంబరివ్వండన్నా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి ఆయనతో మాట్లాడాలి."

సనావుల్లా ఆమెను వింతగా చూశాడు.

"ఫోన్‌లో ఏం మాట్లాడతారు సిస్టర్, ఆ జనరేటర్ల కాడ రెండు చెవులూ పోయి పదేండ్లాయ, టీవీ కూడా సౌండ్ బంద్ చేసి కింద అక్షరాలు చదువుకుంటా చూసే మనిషి."