కలాలు కడిగిన నీళ్లు

ఫెజ్ నగరం పాతబస్తీలో బతూల్ అక్షరాలతో బొమ్మలు వేసేది. వాటిని ఎవరూ చదవలేరు, చూసి కంటనీరు పెట్టుకోవడమే. పోయిన చెల్లెలి కోసం నిలువెత్తు గుడ్డ మీద ఒకే అక్షరాన్ని వంకలు తిప్పుతూ రాసింది.

సాయంత్రం కలాలు కడిగిన నీళ్లు వాకిట్లో పారబోస్తుంటే పక్కింటి పెద్దావిడ లల్లా ఖద్దూజ్ కేకేసింది.

"సిరానీళ్లు అత్తిచెట్టు మొదట్లో పొయ్యవే! కాళ్ల కింద పోస్తే ఆ రాత నీ వెనకే ఇంట్లోకొస్తుంది."

"చదవడానికే రాని రాతకి దారెవరు చూపిస్తారు లల్లా?" అంటూ బతూల్ మిగతా నీళ్లూ అక్కడే ఒంపేసింది.

రాత్రి దీపం ఆర్పాక చప్పుడు మొదలైంది. కర్... కర్... రెల్లుకలం గుడ్డ మీద పాకుతున్నట్టు. లేచి దీపం వెలిగించింది. గదిలో ఎవరూ లేరు. గుడ్డ అంచున మాత్రం ఓ కొత్త వంక, ఇంకా తడిగా ఉంది. ఎడమచేతి వాటం గీత. చెల్లెలిదీ ఎడమచేతి వాటమే.

"తగలబెట్టెయ్యవే ఆ గుడ్డని!" గోడవతలి నుంచి లల్లా అరిచింది. ఆమెకూ వినిపించిందన్నమాట.

 అయినా బతూల్ తలుపు గడియ పెట్టి, సిరాబుడ్డి ముందుకు లాక్కుంది.

"ఇది నేను మొదలెట్టిన ఏడుపు. ముగించేదీ నేనే," అంటూ దీపం తనే ఊదేసింది.

చీకట్లో రెండు కలాలు గీశాయి. కాసేపటికి బతూల్ తన కలం పైకెత్తి, ఊపిరి బిగబట్టి వింది.

ఇంకా రెండు కలాల చప్పుడే.

ఆమె కలాన్ని మళ్లీ సిరాలో ముంచింది.